మంద ఎవరిది

ఇసుకగుండం ఫారెస్టు బంగళా,
గిద్దలూరు దగ్గర,
9-2-1934

యోసేపు అన్నకు తమ్ముడు ఎర్రయ్య రాసేది,

నేను క్షేమం. ఇందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది మా నాయనకు చదివి వినిపించు. రెండోది నీకు. చదివి చింపెయ్యి.

నాయనా, ఫారెస్టు గార్డు పని ఖాయమైంది. ఖాకీ చొక్కా, బెల్టు, కాళ్లకు చుట్టుకునే పట్టీలు ఇచ్చారు. పట్టీలు చుట్టడం చేతకాక మొదటి రోజు రేంజరు దొర ముందే ఊడిపోయి నవ్వులపాలయ్యాను. అమ్మకు చెప్పు, సంగటి దొరకదన్న బెంగ తప్ప నాకు వేరే కష్టం లేదు. ఒక్క మాట మాత్రం చెవిన పెట్టుకో. ఈ ఏడు అడవిలో గడ్డికి నిప్పు పెట్టొద్దు. ముదురు గడ్డి కాలిస్తే తొలి జల్లుకు లేత గడ్డి లేస్తుందని తాతల నాటి నుంచి మన గొల్లలు చేసే పనే, నాకు తెలియనిది కాదు. కానీ ఇప్పుడు అది రిజర్వు అడవి. నేను కాసే చోట నిప్పు లేస్తే నా ఉద్యోగం పోతుంది. పట్టుబడినవాడు జైలుకు పోతాడు. మందను ఎప్పటిలాగే తోలుకురా, చెంచు పెద్దమల్లయ్య మామను తోడు పెట్టుకో. నిప్పు జోలికి మాత్రం పోవద్దు.

అన్నా, ఇక నీకు. ఇక్కడ నలుగురు గార్డులం. మిగతా ముగ్గురూ పెద్దకులాల వాళ్లు. గొల్లవాడిని అడవికి కాపలా పెట్టడమంటే మేకను ఆకుతోటకు కాపలా పెట్టడమేనని నా ముందే అంటారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. నవ్వుతుంటే నువ్వు గుర్తొస్తావు. మాదిగపల్లెలో మీ నాయన దాసయ్య పంతులు నడిపిన మిషను బడికి నేను వచ్చేవాడిని కదా. నేను చూరు కింద బయట కూర్చునేవాడిని, నువ్వు గడప లోపల. మనిద్దరికీ ఒకటే పలక, సగం నీది, సగం నాది. సాయంత్రం మా అమ్మ నా నెత్తిన నీళ్లు చల్లి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆ సంగతి నీకు చెబితే నువ్వు నవ్వావు. ఆ నవ్వు ఎట్లాంటిదో నాకు ఇన్నేళ్లకు తెలిసింది.

మీ పల్లె వాళ్లకు తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క కావాలన్నావు. పర్మిటు రాయించే పూచీ నాది. ఎవరికీ చేయి చాచవద్దు.

నీ తమ్ముడు
ఎర్రయ్య


అర్ధవీడు,
4-3-1934

తమ్ముడు ఎర్రయ్యకు, ప్రభువు నిన్ను చల్లగా చూడాలని కోరుతూ యోసేపు,

నీ ఉత్తరం మీ ఇంటి ముందు నిలబడి చదివాను. మీ నాయన నాగయ్య అరుగు మీద, నేను కింద వాకిట్లో. "యోసేపు అన్నకు" అన్న మాటను గొంతులోనే మింగేశాను. ఉత్తరంలో అన్నా అంటావు, మీ వీధిలో ఎదురైతే "ఏం యోసేపూ" అంటావు. నేనూ అంతే. ఇక్కడ తమ్ముడా అని రాస్తాను, అక్కడ మీరూ అంటాను. నిష్ఠూరం కాదు, ఇద్దరం ఏ ఎండకు ఆ గొడుగు పడుతున్నాం, అంతే. చదవడం అయ్యాక కాగితాన్ని నేల మీద పెట్టాను. మీ అమ్మ గురమ్మ తీసుకుని కళ్లకద్దుకుంది.

నిప్పు సంగతి రెండుసార్లు చదివాను. మీ నాయన గడ్డం గోక్కుంటూ, "సర్కారుకేంది, కాలేది గొర్రె కడుపు. అయినా మావోడు చెప్పినాడు గదా, సరేలే" అన్నాడు. ఆ సరేలే నాకు అంత గట్టిగా వినిపించలేదు. నీకు చెప్పడం నా ధర్మం.

మంద బయలుదేరింది. తంగేడు చెక్క కోసం మా వాళ్లతో నేనూ అడవి మొదలు దాకా పోయాను, నీ పర్మిటు పుణ్యమా అని. అక్కడ మీ వాళ్ల ఆచారం మొదటిసారి కళ్లారా చూశాను. చెంచు పెద్దమల్లయ్య, ఆయన భార్య తిరుపతమ్మ వాగు ఒడ్డున ఎదురొచ్చారు. మీ నాయన ఒక పొట్టేలును ఆయన చేతిలో పెట్టాడు. పెద్దమల్లయ్య మందలో ముందు నడిచే గొర్రె నెత్తిన చెయ్యి వేసి, "మంద నాది" అని మూడుసార్లు అన్నాడు. అంతే, అప్పటి నుంచి మీ నాయన వెనక నడిచాడు, ఆయన ముందు నడిచాడు. తొలకరి దాకా అడవిలో పులి అడిగినా, దొంగ అడిగినా, దేవుడు అడిగినా మంద ఎవరిదంటే చెంచు నాదే అనాలట. మంద వల్ల తప్పు జరిగితే ఆ తప్పూ ఆయనదేనట. మంద క్షేమంగా ఇల్లు చేరితే పొట్టేలు ఆయనకు దక్కుతుంది, చేరకపోతే తెచ్చి ఇచ్చేయాలి. కాగితం లేదు, సాక్షి లేడు.

అంత గొప్ప మనిషి మరి నా దగ్గర ఏం చేశాడో విను. ఎండలో వచ్చాడు కదా అని నా చెంబులో నీళ్లు ఇవ్వబోయాను. రెండడుగులు వెనక్కి వేసి, "మీ నీళ్లు మేం తాగం అయ్యవారూ" అన్నాడు. కోపంతో కాదు, ఉన్న మాట చెప్పినట్టు. నడుముకు గోచీ, చేతిలో విల్లు, తినడానికి గడ్డలు. ఆయనకూ నేను తక్కువే. మా వాళ్ల ముందు చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఇంటికొచ్చి మా ఆవిడ దయామణికి చెబితే, "నేను మాల ఇంటి బిడ్డనని మీ పల్లె వాళ్లు ఏడాది దాకా నా చేతి కూడు ముట్టలేదు. ఆ రోజు మీకు ఇంత మండలేదే" అంది. ఇద్దరం ఒకే ప్రభువును నమ్మినవాళ్లం, ఒకే గుడిలో మోకరించేవాళ్లం.

నీ అన్న
యోసేపు


ఇసుకగుండం,
21-4-1934

యోసేపు అన్నకు,

ఎక్కువ రాయడానికి తీరిక లేదు. పదిహేడో తేదీన నేను కాపలా కాసే బీటులో నిప్పు లేచింది. గాలికి వెదురు అంటుకుని, కొత్తగా నాటిన టేకు తోట దాకా కాలింది. మనుషులెవరూ పోలేదు.

చెంచు పెద్దమల్లయ్యను పట్టుకున్నారు. కాలిన చోట మేసిన మంద ఎవరిదని రేంజరు దొర అడిగితే తనదేనన్నాడు. వాంగ్మూలం తీసుకుని వేలిముద్ర వేయించారు. మందను బందెల దొడ్డిలో పెట్టారు. కేసు మార్కాపురంలో జరుగుతుందట.

ఈ ఉత్తరం నాయనకు చదవొద్దు. నాయన ఇల్లు చేరాడా? ఎట్లా ఉన్నాడు? అది మాత్రం వెంటనే రాయి.

ఎర్రయ్య


అర్ధవీడు,
2-5-1934

తమ్ముడు ఎర్రయ్యకు,

మీ నాయన ఇల్లు చేరాడు. రెండు పాదాలూ కాలాయి. ఆకులు చుట్టి బండి మీద తెచ్చారు. నడవలేడు.

నీ ఉత్తరం ఆయనకు చదవలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. బండి కట్టించుకుని ఆయనే మా పల్లెకు వచ్చాడు. మీ వీధి వాళ్లు పల్లె మొదట్లోనే బండి ఆపేశారు. అక్కడి నుంచి బడి దాకా ఆయన మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. నేను పోయి పట్టుకోబోయి, పట్టుకోవచ్చునో లేదో తెలియక ఆగిపోయాను. ఆయనే నా భుజం పట్టుకున్నాడు. నా ఎరుకలో మీ ఇంటి మనిషి చెయ్యి నా మీద పడడం అదే మొదలు. నీ పలక సంగతి వేరు.

బడిలో నేల మీద కూర్చుని చెప్పాడు. "నిప్పు పెట్టింది నేనే యోసేపూ. ఇంత గడ్డికి పెట్టినా, గాలి లేచి చేతులు దాటిపోయినాది. పెద్దమల్లయ్య ఆ పొద్దు ఈడ లేడు, తేనెకు పోయినాడు. పొగ చూసి ఉరికొచ్చి పచ్చి మండలతో మంటను కొట్టినాడు. సర్కారోళ్లు వస్తావుంటే నన్ను వాగులోకి దించి, నువ్వు పలకొద్దు, మంద నాది అని పోయినాడు."

ఎర్రయ్యా, ఆ మంద చెవుల గాట్లు నీ చేత్తో వేసినవే కదా. బందెల దొడ్డిలో నువ్వు వాటిని చూసి ఉంటావు. నేను ఇంతకు మించి అడగను.

మీ నాయన అర్జీ రాయమన్నాడు. మంద తనదని, నిప్పు పెట్టింది తానని, చెంచు చెప్పింది ఆచారం ప్రకారం చెప్పిన మాటేనని. రాశాను. వేలిముద్ర వేశాడు. కేసు ఈ నెల ఇరవై ఎనిమిదిన అని తెలిసింది. ఆ లోపల అర్జీ కచ్చేరికి చేరితే పెద్దమల్లయ్య బయటపడతాడు, చేరకపోతే లేదు. అంతకంటే మెలిక ఏమీ లేదు ఇందులో.

అర్జీని ఈ ఉత్తరంతో నీకే పంపుతున్నాను. నువ్వు ఆ శాఖలో ఉన్నవాడివి, పైగా కొడుకువి. నీ చేతుల మీదుగా పోవడమే మర్యాద అని నాకు తోచింది. తిరుపతమ్మ రోజూ పల్లె బయట రాతి మీద వచ్చి కూర్చుంటోంది. ఏమీ అడగదు. ఏమైంది అయ్యవారూ అన్నట్టు చూస్తుంది.

యోసేపు


ఇసుకగుండం,
9-5-1934

యోసేపుకు,

అర్జీ అందింది. నా పెట్టెలో ఉంది. ఎక్కడికీ పంపలేదు.

ఇంతకు మించి అడగను అన్నావు. అడగకుండానే బాగా అడిగావు. అయితే విను. ఆ రోజు బంగళా వరండాలో రేంజరు దొర కుర్చీలో ఉన్నాడు. ఆయన అరవదేశం వాడు, చెంచు మాట ఆయనకు అర్థం కాదు. అడిగి రాయమని నన్ను కూర్చోబెట్టారు. పక్కన మిగతా గార్డులు. నిప్పు లేచిన నాటి నుంచి వాళ్ల నోట ఒకటే పాట, ఇది గొల్లోళ్ల పనే, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని. నా మొహం చూస్తూ అనేవారు. పెద్దమల్లయ్యను తెచ్చి నిలబెట్టారు. మంద ఎవరిదని అడిగాను. ఆయన నా వైపు చూశాడు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని జున్ను తినిపించిన మనిషి. "నాదే" అన్నాడు. మరి నిప్పు ఎవరు పెట్టారంటే, "మంద నాదైతే మంద తప్పూ నాదే సామీ" అన్నాడు.

నేను కాగితం మీద "నిప్పు పెట్టినది నేనే" అని రాశాను.

అంతే నేను చేసింది. ఆయన అన్న దానికీ నేను రాసిన దానికీ తేడా ఎంత ఉందో పంతులువి, నువ్వే లెక్క కట్టుకో. దొర చదివి, "గొల్లవాడైనా నిజాయితీపరుడు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఊపిరి ఆడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ ఒక్క నిమిషం నేను నాగయ్య కొడుకును కాను, గార్డును.

నాయనను నేను కాపాడాను. లేకపోతే ఆ కాలిన కాళ్లతో ఆయన జైల్లో ఉండేవాడు. కాపాడబోయి మందను పోగొట్టాను, అదీ నిజమే. కాగితం ప్రకారం మంద పెద్దమల్లయ్యది, కాబట్టి వేలం వేస్తారు. మా మంద అని నోరు తెరిస్తే నిప్పు కూడా మాదే అవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా వీధి పెద్దలకు ఉత్తరం రాశాను, నాయనను బండి ఎక్కనివ్వొద్దని.

ఇక నీ సంగతి. అర్జీ పంపాలనుకుంటే అణా తపాలా బిళ్ల అంటించి తిన్నగా కచ్చేరికే పంపేవాడివి. నాకెందుకు పంపావో నాకు తెలుసు, నీకూ తెలుసు. నా ఉద్యోగం పోతే వచ్చే గార్డు మీ పల్లెకు తంగేడు చెక్క ఇవ్వడు. మీ తోళ్లు గుంతల్లో కుళ్లుతాయి. పైగా ఎవరి కోసం ఇదంతా? నీ చెంబు నీళ్లు ముట్టని వాడి కోసమే కదా. ఆ సంగతి నువ్వు నాకు ఎంత వివరంగా రాశావో మళ్లీ ఒకసారి గుర్తు చేసుకో.

ఎర్రయ్య


అర్ధవీడు,
20-5-1934

ఫారెస్టు గార్డు ఎర్రయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. అర్జీ సంగతి ఆలోచించగలరని మళ్లీ మనవి. ఇంకా ఎనిమిది రోజులు గడువుంది.

మీరు రాసిన మాటలన్నీ పల్లె పెద్ద అంకన్నకు చెప్పలేదు, తంగేడు చెక్క సంగతి వరకే చెప్పాను. ఆయన చాలాసేపు చుట్ట కాల్చి, "గొల్లోళ్లకూ చెంచోళ్లకూ మధ్య మనమేంది యోసేపూ? మన మీదికొచ్చిన నాడు వాళ్లెవురన్నా వచ్చినారా?" అన్నాడు. ఇరవై ఇళ్లు తోలు మీద బతుకుతున్నాయి.

దయామణి మాత్రం అడుగుతూనే ఉంది. "కంభం దాకా నడిచి రైలెక్కితే మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగుతారు. అర్జీ పోతే పోనీ, రాసిన చెయ్యి మీ దగ్గరే ఉంది గదా, పోయి నోటితో చెప్పండి" అంటుంది. పోదామనే అనుకున్నాను. రెండు రోజుల నుంచి జ్వరం తగిలింది. తగ్గితే పోతాను.

ఆదివారం గుడిలో పొరుగువాడిని ప్రేమించమనే వాక్యం మీద నేనే మాట్లాడాల్సి వచ్చింది. తిరుపతమ్మ దూరంగా ఆ రాతి మీదే కూర్చుని ఉంది. కిటికీలోంచి కనిపిస్తోంది. వాక్యం సగంలో ఆపి పాట అందుకోమన్నాను.

ఇట్లు
యోసేపు, ఉపాధ్యాయుడు


ఇసుకగుండం,
3-6-1934

పంతులు గారికి,

పెద్దమల్లయ్యకు ఏడాది శిక్ష పడింది. నేను సాక్ష్యం చెప్పాను. నేరం ఒప్పుకుంటావా అని అడిగినప్పుడు కూడా మంద నాదే అన్నాడు. మంద వేలంలో ఎవరో నంద్యాల వైపు వాళ్లు పాడుకున్నారు. ముందు నడిచే గొర్రె కదలనని మొండికేస్తే కాళ్లు కట్టి బండిలో వేశారు.

మీ పల్లెకు తంగేడు చెక్క పర్మిటు మరో ఏడాదికి పొడిగించారు. కాగితం ఇందులో ఉంది. జ్వరం తగ్గిందని తలుస్తాను.

ఎర్రయ్య


అర్ధవీడు,
14-9-1934

ఎర్రయ్యా,

మూడు నెలలుగా నీకు రాయలేదు. నువ్వూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

పెద్దమల్లయ్య జైల్లో చనిపోయాడు. రక్త విరేచనాలట. ఆ కబురు మోసుకొచ్చిన కాగితం మునసబు చేతిలోంచి తిరుపతమ్మ చేతికొచ్చింది. ఏముందో ఆయన చదివి చెప్పలేదో, చెప్పినా ఆమె నమ్మలేదో తెలియదు. ఆమె దాన్ని నా దగ్గరికి తెచ్చింది. రాతి దగ్గర ఆగలేదు, పల్లెలోకి నడిచి బడి గడప దాకా వచ్చింది. కాగితాన్ని నేల మీద పెట్టకుండా నా చేతికే ఇచ్చింది. నేను చదివాను. శవాన్ని అక్కడే పూడ్చారని కూడా అందులో ఉంది, అదీ చదివాను. ఆమె ఏడవలేదు. దయామణి వైపు తిరిగి, "నీళ్లుంటే పొయ్యమ్మా" అంది. దయామణి చెంబు వంచితే దోసిలి పట్టి తాగింది. అదే చెంబు. ఆ నీళ్లు ఆయన తాగలేదని నేను మీ అందరికీ చెప్పుకుని తిరిగాను. ఆమె తాగుతుంటే నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. ఇంక పోగొట్టుకునేది ఏమీ లేక తాగింది.

వారం తర్వాత మళ్లీ వచ్చింది, ఈసారి ఒక పొట్టేలును తాడు పట్టి నడిపించుకుంటూ. మీ నాయన ఇచ్చిన పొట్టేలును కేసు రోజుల్లోనే అమ్ముకుని తిన్నారట. దానికి బదులు చెంచుగూడెం వాళ్లంతా తేనె, చింతపండు కూడబెట్టి ఇచ్చి దీన్ని తెచ్చారు. మీ ఇంటికి తీసుకుపోయింది. కాగితం ఏదైనా చదివి పెట్టాల్సి వస్తుందేమోనని నన్నూ రమ్మంది. అక్కడ చదవడానికి ఏమీ లేదు. వాకిట్లో నిలబడి ఆమె ఒక్కటే అంది. "మంద ఇల్లు చేరలే. పొట్టేలు మాది గాదు."

మీ నాయన మంచంలోంచి చెయ్యి చాచాడు. మీ అన్నదమ్ముల వరుస వాళ్లు అడ్డం వచ్చారు. పొట్టేలు తీసుకుంటే మంద మనదని ఒప్పుకున్నట్టే, సర్కారుకు తెలిస్తే ఎర్రయ్య ఉద్యోగం పోతుందన్నారు. మీ అమ్మ తలుపు వేసింది. తలుపు అవతల మీ నాయన ఏడుపు ఆమెకూ వినిపించింది, నాకూ వినిపించింది. ఆయన ఇప్పుడు అన్నం సరిగా తినడం లేదు. పాదాలు మానాయి గానీ నడవడు. ఈ ముక్క నీకు ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి, మే నెల నుంచి దాచిన మాట. అర్జీ మీద వేలిముద్ర వేసిన రోజు మీ నాయన నాతో, "మావోడికి పంపొద్దు. నీ చేత్తోనే కచ్చేరికి పంపు. వాడు పంపడు" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేను సరేనన్నాను. సరేనని నీకు పంపాను. మర్యాద అని నీకు రాసింది అబద్ధం. నువ్వు పంపవని నాకూ తెలుసు. నాకు జ్వరం రాలేదు. కేసు రోజున కంభం స్టేషను దాకా నడిచి, బండి వచ్చి పోయేదాకా బల్ల మీద కూర్చుని ఇంటికొచ్చాను. నీ చెయ్యి ఒక మాట మార్చింది, నా చెయ్యి ఒక చిరునామా మార్చింది. పలకను మళ్లీ సగం సగం పంచుకున్నాం.

మీ ఇంటి నుంచి తిరుపతమ్మ నేరుగా బడికి వచ్చింది. పొట్టేలును బడి గుంజకు కట్టి, "అర్జీ రాసినోడివి నువ్వే గదా. ఆయన ఇచ్చిన మాట నీకు తెల్సు. నీకాడ ఉండనీ" అని అడవి దారి పట్టింది. దాన్ని ఏం చేయాలో తెలియక రెండు రోజులు ఆకు వేశాను. పిల్లలు అక్షరాలు మాని దాన్నే చూస్తూ కూర్చున్నారు.

నిన్న మధ్యాహ్నం మునసబు మా పల్లె మీదుగా పోతూ ఆగాడు. వెంట తలారి ఉన్నాడు. మిషను బడిలో పొట్టేలు ఏమిటన్నాడు. మా వాళ్లు పదిమంది గుమిగూడారు, అంకన్న కూడా ఉన్నాడు. దయామణి గడపలో నిలబడి నా మొహమే చూస్తోంది. "ఎవురిదిరా ఈ పొట్టేలు?" అని మునసబు అడిగాడు.

ఆ రెండు రోజులూ ఆ ప్రశ్నకే నేను జవాబు సిద్ధం చేసుకున్నాను ఎర్రయ్యా. నాదే అనాలి, ఆ మీద ఏది వస్తే అది రానీ అనుకున్నాను. నోరు తెరిచాను.

"మాది గాదు సామీ" అన్నాను.

తలారి తాడు విప్పి దాన్ని బందెల దొడ్డికి తోలుకుపోయాడు.

యోసేపు